జలుబు ముక్కుది, మరి పేగుకేం సంబంధం?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 43. హైస్కూల్లో పాఠాలు చెబుతాను. ఎప్పుడూ పిల్లల మధ్య ఉంటాను కాబట్టి ఏడాదికి నాలుగైదుసార్లు జలుబు, దగ్గు, జ్వరం తప్పడం లేదు. సెలవు పెట్టే వీలుండదు. అందుకని రెండో రోజో మూడో రోజో యాంటీబయాటిక్ మొదలుపెట్టేస్తాను. ఐదారు రోజులకి తగ్గిపోతుంది. కానీ ఏడాది నుంచి కోర్సు వేసుకున్న ప్రతిసారీ వారం పది రోజులు లూజ్ మోషన్స్, కడుపుబ్బరం. పైగా నెల తిరక్కుండానే మళ్లీ జలుబు. మా అబ్బాయి ఫోన్లో ఏదో చదివి, "అమ్మా, 70 శాతం ఇమ్యూనిటీ పేగుల్లోనే ఉంటుందట. యాంటీబయాటిక్స్‌తో నువ్వే దాన్ని చంపుకుంటున్నావు. ప్రొబయాటిక్ క్యాప్సూల్స్ వేసుకో" అంటున్నాడు. జలుబు ముక్కుకి, గొంతుకి వచ్చేది కదా, పేగుకేం సంబంధం? ఆ క్యాప్సూల్స్ నిజంగా పనిచేస్తాయా? పేగు బాక్టీరియా పరీక్ష అని ఉందట, చేయించుకోమంటారా? పోయినసారి మిగిలిన నాలుగు మాత్రలు ఇంట్లోనే ఉన్నాయి. ఈసారి వేసుకోవాలో మానాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలో నా కళ్లు ముందు ఆ నాలుగు మాత్రల దగ్గరే ఆగాయి. వాటి సంగతి చివర్లో చెబుతాను. ముందు మీ అబ్బాయి మాట తీసుకుందాం. అతను చెప్పినదాంట్లో అంకె తప్పు, విషయం ఒప్పు, సలహా మళ్లీ తప్పు.

అంకె సంగతి త్వరగా తేల్చేస్తాను. 70 శాతం అన్నది ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట ప్యాకెట్ల మీదికి కూడా ఎక్కింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2023లో మన ఒంట్లోని రోగనిరోధక కణాలన్నిటికీ లెక్క కట్టారు. మొత్తం సుమారు 1.8 లక్షల కోట్ల కణాలు, బరువు 1.2 కిలోలు. వాటిలో లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఎక్కువగా ఉండేది లింఫ్ గ్రంథుల్లో, ప్లీహంలో. న్యూట్రోఫిల్స్ అనే మరో రకం తెల్ల రక్తకణాలైతే ఎముక మజ్జలో. కాబట్టి సైన్యమంతా పేగులోనే మకాం వేసిందనుకోనక్కర్లేదు. పేగులో ఉన్నది సైన్యం కాదు, ఆ సైన్యాన్ని ఏమరకుండా ఉంచే సందడి.

ఆ సందడి చేసేవి బాక్టీరియా. ఒక మనిషి ఒంట్లో ఇవి దాదాపు 38 లక్షల కోట్లు ఉంటాయని అదే సంస్థ 2016లో అంచనా వేసింది. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. అంటే ఇంచుమించు సరిసమానం. అన్ని కోట్లూ కలిపి తూచినా 200 గ్రాములే. ఎక్కువ భాగం ఉండేది పెద్దపేగులో. నేను చదువుకునే రోజుల్లో వీటి గురించి పాఠం ఒక్క పేజీ ఉండేది. విటమిన్ కె తయారు చేస్తాయి, పేగులో చెడ్డ క్రిములకి చోటు లేకుండా చేస్తాయి, అంతే. ఊపిరితిత్తుల పాఠంలో వీటి ప్రస్తావనే లేదు. పరీక్షలో ఎవరైనా రాసి ఉంటే మార్కులు పోయేవి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ముక్కులోకి దూరిన వైరస్‌తో పెద్దపేగులో ఉన్న బాక్టీరియాకి ఏం పని?

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో అకికో ఇవసాకి బృందం 2011లో ఒక ప్రయోగం ప్రచురించింది. నాకు బాగా నచ్చిన ప్రయోగం కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కొన్ని చిట్టెలుకలకి నాలుగు వారాలు తాగే నీళ్లలో నాలుగు రకాల యాంటీబయాటిక్స్ కలిపి ఇచ్చారు. మిగతా వాటికి మామూలు నీళ్లు. తర్వాత అన్నిటి ముక్కుల్లోకీ ఫ్లూ వైరస్ ఎక్కించారు. యాంటీబయాటిక్ ఎలుకల్లో రోగనిరోధక స్పందన మందగించింది. వైరస్‌ని ఎదిరించే టి కణాలు తగ్గాయి, యాంటీబాడీలు తగ్గాయి, ఊపిరితిత్తిలో వైరస్ ఎక్కువగా మిగిలింది. ఇంతవరకూ అయితే "యాంటీబయాటిక్ ఏదో విషం చేసి ఉంటుందిలే" అని సరిపెట్టుకోవచ్చు. కానీ వాళ్లు అక్కడితో ఆగలేదు. బాక్టీరియా పైపొర నుంచి తీసిన ఒక పదార్థాన్ని ఆ ఎలుకల మలద్వారం గుండా పెట్టారు. బతికున్న బాక్టీరియా కాదు, దాని ముక్క మాత్రమే. అంతే, ఊపిరితిత్తిలో మందగించిన స్పందన తిరిగి పుంజుకుంది.

ఒకసారి ఊహించుకోండి. పెట్టింది పెద్దపేగు చివర. మేలుకున్నది ఊపిరితిత్తి. మధ్యలో ఇన్ని అవయవాలు. పేగు గోడ దగ్గర బాక్టీరియా ఉనికిని పసిగట్టే కణాలున్నాయి, అవి నిత్యం రక్తంలోకి చిన్న చిన్న కబుర్లు పంపుతూనే ఉంటాయి, ఆ కబుర్లు అందుతున్నంత కాలం దూరంగా ఉన్న ఊపిరితిత్తి కూడా సగం మెలకువలో ఉంటుంది. కబుర్లు ఆగిపోతే అదీ నిద్రలోకి జారుతుంది. ఆ నిద్రలో ఉన్నప్పుడు వైరస్ వస్తే లేచి చూసేసరికే ఆలస్యమైపోతుంది.

ఆ ఆలస్యం ఎంత ఖరీదైనదో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2019లో చూపించారు. ఇక్కడ ఇంటర్‌ఫెరాన్ గురించి రెండు ముక్కలు చెప్పాలి. వైరస్ సోకిన కణం చుట్టుపక్కల కణాలకి పెట్టే కేకే ఇంటర్‌ఫెరాన్. కేక విన్న కణాలు వైరస్ తమలోకి వచ్చినా పెరగకుండా తలుపులు బిగించుకుంటాయి. 1957లోనే దీన్ని కనిపెట్టారు. క్రిక్ బృందం చూసిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న ఎలుక ఊపిరితిత్తి లోపలి పొరలో ఏ వైరసూ లేనప్పుడు కూడా ఈ ఇంటర్‌ఫెరాన్ సంకేతం సన్నగా నడుస్తూనే ఉంటుంది. దాన్ని అలా నడిపించేది పేగు బాక్టీరియా. యాంటీబయాటిక్స్ ఇచ్చాక అది తగ్గిపోయింది. వైరస్ సోకిన రెండో రోజుకి ఈ ఎలుకల ఊపిరితిత్తుల్లో వైరస్ ఐదు రెట్లు ఎక్కువ. మామూలు ఎలుకల్లో 80 శాతం దాకా బతికితే, ముందుగా యాంటీబయాటిక్స్ తీసుకున్న వాటిలో మూడో వంతే బతికాయి.

ఈ ఎలుకలు చనిపోవడానికి కారణం ఇమ్యూనిటీ తక్కువై కాదు సుమండీ. వైరస్ అంతగా పెరిగిపోయాక ఆలస్యంగా లేచిన సైన్యం అవసరానికి మించి విరుచుకుపడి ఊపిరితిత్తినే దెబ్బతీసింది. "ఇమ్యూనిటీ పెంచుకోవాలి" అన్న మాట విన్నప్పుడల్లా నాకు కాస్త చిరాకు వచ్చేది ఇందుకే. ఫ్లూలో ఒళ్లు నొప్పులు, జ్వరం, నీరసం చాలావరకు మన స్పందన వల్ల కలిగేవే. కావాల్సింది పెద్ద స్పందన కాదు. త్వరగా మొదలై, పని కాగానే తగ్గే స్పందన.

ఆ తగ్గే భాగంలోనూ పేగు చెయ్యి ఉంది. మనం తిన్న పీచుని మనం అరిగించుకోలేం. అది పెద్దపేగుకి చేరాక బాక్టీరియా దాన్ని పులియబెట్టి అసిటేట్, ప్రొపియోనేట్, బ్యుటిరేట్ అనే చిన్న ఆమ్లాలు తయారు చేస్తాయి. బ్యుటిరేట్ పేగు గోడ కణాలకి ప్రధాన ఇంధనం. మిగతావి రక్తంలో కలిసి దూరప్రయాణం చేస్తాయి. పీచు ఎక్కువగా తిన్న ఎలుకలు ఫ్లూని బాగా తట్టుకున్నాయని 2018లో ఒక పరిశోధన చెప్పింది. వాటి ఊపిరితిత్తుల్లోకి న్యూట్రోఫిల్స్ తక్కువ దిగాయి, అంటే ఆ కణజాలానికి దెబ్బ తగ్గింది. అదే సమయంలో వైరస్‌ని చంపే టి కణాలు చురుగ్గా పనిచేశాయి. ఒకే తిండి, ఒకవైపు కళ్లెం, మరోవైపు ఉత్సాహం.

"ఇవన్నీ ఎలుకల కబుర్లే కదా డాక్టర్ గారూ" అని మీరు అడగాలి. టీచర్ కాబట్టి అడుగుతారనే అనుకుంటున్నాను. ఎలుకలకి నాలుగు వారాలు నాలుగు మందులు ఇచ్చినట్టు మనుషులకి ఎవరూ ఇవ్వరు. మరి మనుషుల్లో ఏముంది?

మీ కథకి దగ్గరగా ఉన్నది ఒకటి చెబుతాను. మొటిమలకి నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడేవాళ్లుంటారు. అలా ఆరు వారాలకి మించి వాడినవాళ్లనీ, వాడనివాళ్లనీ కలిపి లక్షకి పైగా రికార్డులు చూస్తే, వాడినవాళ్లలో ఏడాదిలోపు జలుబు, గొంతు ఇన్ఫెక్షన్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్లే అవకాశం రెండింతలకి పైగా ఉన్నట్టు 2005లో తేలింది. ఇందులో ఒక మెలిక ఉంది. మొటిమలకి డాక్టర్ దగ్గరికి అలవాటుగా వెళ్లేవాళ్లు జలుబుకి కూడా వెళ్తారు కదా. కాబట్టి ఇది రుజువు కాదు, అనుమానానికి బలం. ఇంకొకటి ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న 360 మంది మీద 2018లో వచ్చింది. బ్యుటిరేట్ తయారు చేసే బాక్టీరియా పేగులో పుష్కలంగా ఉన్నవాళ్లకి వైరస్ ఛాతీలోకి దిగి న్యుమోనియా లాంటివి రావడం ఐదు రెట్లు తక్కువ. వాళ్లు అతి బలహీన స్థితిలో ఉన్న రోగులు, మీలాంటివారు కాదు. అయినా దిశ అదే.

కోవిడ్ కాలంలో హాంకాంగ్‌లో 100 మంది రోగుల మలం పరీక్షిస్తే ఫీకాలిబాక్టీరియం, బైఫిడోబాక్టీరియా లాంటి మంచి జాతులు తగ్గి ఉన్నాయి, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో మరీ తగ్గాయి. ఇది చదివి చాలామంది "పేగు బాగోలేదు కాబట్టి జబ్బు ముదిరింది" అని రాసేశారు. తిరగేసి కూడా చదవొచ్చు. జబ్బు ముదిరింది కాబట్టే పేగు పాడై ఉండొచ్చు. ఆ వైరస్ పట్టుకునే ఏసీఈ2 అనే గ్రాహకం పేగు కణాల మీద కూడా దండిగా ఉంటుంది, అంటే వైరస్ పేగుని నేరుగా కూడా పట్టుకోగలదు. ఫ్లూ వైరస్ పేగులోకి దిగకపోయినా ఎలుకల పేగు బాక్టీరియా మారిపోవడం చూశారు. ఇంకో పరిశోధనలో అసలు కారణం చాలా సాదాసీదాగా తేలింది: జబ్బుపడ్డ ఎలుకలు తిండి మానేశాయి. జబ్బు లేని ఎలుకలకి అంతే తిండి తగ్గించి చూస్తే బాక్టీరియాలో అవే మార్పులు.

అంటే మీ లూజ్ మోషన్స్‌లో కొంత వాటా జబ్బుది కూడా కావచ్చు. కానీ కోర్సు వేసుకున్న ప్రతిసారీ, వారం పది రోజులు అంటున్నారు కాబట్టి పెద్ద అనుమానం మాత్రం మాత్రల మీదే.

ఐదారు రోజులకి తగ్గుతుందన్నారు కదా, మాత్ర వేసుకోకపోయినా ఆ రోజుకి తగ్గుతుంది. జలుబు వారం నుంచి పది రోజుల వ్యవహారం. మొదటి మూడు రోజులే ఉధృతం. సరిగ్గా అది తిరుగుముఖం పట్టే రోజున మీరు మాత్ర మొదలుపెడుతున్నారు, పేరు దానికి వస్తోంది. యాంటీబయాటిక్ బాక్టీరియాని చంపుతుంది. వైరస్‌కి అది తగలనే తగలదు. దగ్గు ఇంకో గొడవ. వైరల్ జలుబు తర్వాత దగ్గు సగటున 18 రోజుల దాకా ఉంటుంది. జనం మాత్రం వారంలో తగ్గాలనుకుంటారు. ఎనిమిదో రోజున దగ్గు వినబడగానే రెండో కోర్సు మొదలవుతుంది. కఫం పచ్చగా మారింది అంటారు. ఆ రంగు మన న్యూట్రోఫిల్స్‌లోని ఒక ఎంజైమ్‌ది. వైరస్‌తో పోరాడినా అదే రంగు వస్తుంది, అది చూసి బాక్టీరియా అని తేల్చేయకూడదు.

ఇక ఆ మూడో రోజు మాత్ర పేగులో చేసే పని చూడండి. డెన్మార్క్‌లో 12 మంది ఆరోగ్యవంతులకి మూడు గట్టి యాంటీబయాటిక్స్ నాలుగు రోజులు ఇచ్చి ఆరు నెలలు గమనించారు. నెలన్నరకి పేగు చాలావరకు మామూలు స్థితికి వచ్చింది. అయితే మునుపు అందరిలోనూ ఉన్న తొమ్మిది జాతులు, ఆరు నెలలైనా ఎక్కువమందిలో కనిపించలేదు. అవి ఆసుపత్రిలో వాడే బలమైన మందులు, మీరు వేసుకునేవి అంత తీవ్రం కావు. కానీ ఒక కోర్సు నుంచి పేగు కోలుకోవడానికి నెలన్నర పడితే, మీరు ఏడాదికి నాలుగైదు కోర్సులు వేస్తున్నారు. తోటలో నాటిన మొక్క వేరు పట్టేలోపే మళ్లీ పీకినట్టుంది లెక్క.

కాబట్టి నెల తిరక్కుండా మళ్లీ వచ్చే జలుబుకి యాంటీబయాటిక్సే కారణమని ఒట్టేసి చెప్పగలనా? లేదు. జలుబు తెచ్చే వైరస్‌లు 200కి పైగా ఉన్నాయి, మీ తరగతి గదిలో వాటికి కొదవ లేదు. పెద్దవాళ్లకి ఏడాదికి రెండు మూడు జలుబులు మామూలు, పిల్లలతో పనిచేసేవాళ్లకి ఇంకొన్ని. మీకు వచ్చేవి కంగారుపడాల్సినన్ని కావు. కానీ అనవసరమైన ఆ మాత్రలు మీకు ఇవ్వగలిగిన లాభం సున్నా. నష్టం మాత్రం కనబడుతూనే ఉంది.

ఇప్పుడు క్యాప్సూల్స్. ఇక్కడ సాక్ష్యం రెండువైపులా లాగుతుంది.

ప్రొబయాటిక్స్, అంటే బతికున్న మంచి బాక్టీరియా, జలుబుల్ని ఆపుతాయా అన్నదాని మీద 20కి పైగా ప్రయోగాల్ని వైద్య పరిశోధనల్ని సమీక్షించే కాక్రేన్ సంస్థ 2022లో ఒకచోట చేర్చి చూసింది. కనీసం ఒక్కసారైనా జలుబు పడేవాళ్ల సంఖ్య కొంత తగ్గినట్టే ఉంది. అయితే ప్రయోగాల నాణ్యత అంతంతమాత్రం, ఒక్కో ప్రయోగంలో ఒక్కో జాతి, ఒక్కో మోతాదు. వాటిలో చాలావాటిలో ఇచ్చింది క్యాప్సూల్ కాదు, పులిసిన పాల పదార్థాలు. పసిపిల్లల్లో అయితే గట్టి ఫలితం ఒకటుంది. ఒడిశాలో 4,556 మంది నవజాత శిశువుల మీద జరిగిన ప్రయోగం, 2017లో వచ్చింది. పుట్టిన తొలి రోజుల్లో ఒక ప్రత్యేక లాక్టోబాసిల్లస్ జాతిని, దానికి ఆహారమయ్యే పీచు చక్కెరతో కలిపి వారం రోజులు ఇస్తే సెప్సిస్ (ఒళ్లంతటినీ దెబ్బతీసే తీవ్రమైన ఇన్ఫెక్షన్), మరణాలు 40 శాతం తగ్గాయి. ఛాతీ ఇన్ఫెక్షన్లు మూడో వంతు తగ్గాయి. కానీ నవజాత శిశువు పేగు ఖాళీ స్థలం, మొదట ఎవరు పాతుకుంటే వాళ్లది. 43 ఏళ్ల మీ పేగులో పాత కాపులున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకి వాళ్లు చోటివ్వరు.

మరి యాంటీబయాటిక్ వేసుకున్నాక ఖాళీ అవుతుంది కదా, అప్పుడు వేసుకుంటే? మంచి ప్రశ్నే. దీన్నే 2018లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్షించారు. యాంటీబయాటిక్ తర్వాత ప్రొబయాటిక్స్ తీసుకున్నవాళ్ల పేగులో అవి చక్కగా పాతుకున్నాయి. చిక్కల్లా అక్కడే వచ్చింది. అవి పాతుకోవడం వల్ల ఆ మనిషి సొంత బాక్టీరియా తిరిగి రావడం ఆలస్యమైంది. ఏమీ తీసుకోనివాళ్లే ముందుగా కోలుకున్నారు. ఇంకోపక్క, యాంటీబయాటిక్‌తో వచ్చే విరేచనాల్ని కొన్ని ప్రొబయాటిక్స్ తగ్గిస్తాయనడానికి, ముఖ్యంగా పిల్లల్లో, మంచి ఆధారాలే ఉన్నాయి. రెండూ నిజమే. విరేచనాలు తగ్గడం వేరు, పేగు తన పాత స్థితికి రావడం వేరు.

నన్నడిగితే మీకు ఆ క్యాప్సూల్స్ అక్కర్లేదు. వేసుకుంటే ఆరోగ్యవంతులకి పెద్ద ప్రమాదమేమీ లేదు గానీ, జలుబు పట్టాక మొదలుపెడితే ఆ జలుబుకి ఒరిగేదీ ఏమీ లేదు. ఇంతసేపు చెప్పిన ఎలుకల కథలన్నిటిలోనూ పేగు పని వైరస్ రాకముందే జరిగిపోయింది. ఇమ్యూనిటీ బాగా తగ్గినవాళ్లు, కీమోథెరపీలో ఉన్నవాళ్లు, నెలలు నిండని శిశువులు మాత్రం డాక్టర్ చెప్పకుండా వీటి జోలికి పోకూడదు. వాళ్లలో ఈ మంచి బాక్టీరియాయే రక్తంలోకి చేరి ప్రాణం మీదికి తెచ్చిన సందర్భాలున్నాయి.

పేగు బాక్టీరియా పరీక్ష వద్దు. ఫలితంగా రంగురంగుల చార్టు చేతికొస్తుంది. ఫలానా జాతి ఇంత శాతం ఉండాలి అనే ఒప్పుకున్న కొలత లేదు కాబట్టి, ఆ చార్టు చూసి ఏ డాక్టరూ మీ జలుబుకి చికిత్స మార్చలేరు.

తిండి సంగతి. పెద్దవాళ్లు రోజుకి కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. పొట్టు తీయని గింజలు, పప్పులు, కూరలు, పండ్లు, ఇవన్నీ కలిస్తేనే ఆ లెక్క తేలుతుంది. ఒక్క వస్తువుతో కాదు. అయితే ఇక్కడ కూడా నేను తేనె పూసి చెప్పను. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 36 మందిని రెండు జట్లు చేసి పది వారాలు తినిపించారు. ఒక జట్టుకి పీచు పెంచారు, ఇంకో జట్టుకి పెరుగు లాంటి పులిసిన పదార్థాలు పెంచారు. పులిసినవి తిన్నవాళ్ల పేగులో బాక్టీరియా వైవిధ్యం పెరిగింది, వాపుని సూచించే 19 ప్రోటీన్లు రక్తంలో తగ్గాయి. పీచు తిన్నవాళ్లలో అంతకాలంలో వైవిధ్యం పెరగనే లేదు. పీచుకి సమయం ఎక్కువ పడుతుందేమో, లేదా దాన్ని అరిగించే జాతులు ముందే పోయి ఉంటే వట్టి పీచు తిని ప్రయోజనం తక్కువేమో. అందుకని రెండూ తినమంటాను. పీచు మాత్రం ఒక్కసారిగా పెంచకండి. మీకు ఇప్పటికే కడుపుబ్బరం ఉంది, మొదటి వారంలోనే విసుగొచ్చి మానేస్తారు. రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి. జ్వరం ఉన్న రోజుల్లో ఇదంతా పక్కనపెట్టి, ఒంటికి సయించింది తిని, నీళ్లు బాగా తాగండి.

మీరు అడగకపోయినా టీకా గురించి ఒక మాట. మీలా పిల్లల మధ్య ఉండేవాళ్లకి ఏటా ఫ్లూ టీకా ఏ క్యాప్సూల్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. దానికీ పేగుకీ లంకె ఉంది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2019లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు ఆరోగ్యవంతులకి ఫ్లూ టీకా వేసే రోజుల్లోనే ఐదు రోజులు యాంటీబయాటిక్స్ ఇచ్చారు. పేగు బాక్టీరియా పదివేల వంతుకి పడిపోయింది. అప్పటికే ఫ్లూ యాంటీబాడీలు దండిగా ఉన్నవాళ్లకి తేడా పెద్దగా తెలియలేదు. అవి తక్కువ ఉన్నవాళ్లలో మాత్రం టీకాకి స్పందన తగ్గింది. పాత అనుభవం ఉన్న ఒంటికి పేగు కబురు అందకపోయినా నడుస్తుంది, కొత్త శత్రువైతేనే ఇబ్బంది అన్నమాట.

ఇంత చదివి మీరు యాంటీబయాటిక్ అంటేనే భయపడితే మళ్లీ నాదే తప్పవుతుంది. 1918 ఫ్లూలో చనిపోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకెళ్లింది వైరస్ వెనకాల వచ్చిన బాక్టీరియా న్యుమోనియా అని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. అప్పుడు యాంటీబయాటిక్స్ లేవు. ఇప్పుడున్నాయి, అవసరమైనప్పుడు పేగు గురించి ఆలోచించకుండా పూర్తి కోర్సు వేసుకోవాల్సిందే. ఆ అవసరం ఎలా తెలుస్తుందంటే: జ్వరం తగ్గి, రెండు రోజులు బాగున్నట్టే ఉండి, మళ్లీ ఎక్కువగా వస్తే. ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వస్తే. నడిస్తే ఆయాసం వచ్చినా, ఆక్సిజన్ 94 కన్నా తగ్గినా, మాట తడబడినా, మగతగా ఉన్నా అదే రోజు ఆసుపత్రికి. ఫ్లూ అని అనుమానం ఉండి మీకు షుగర్, ఆస్తమా, గుండె జబ్బు లాంటివి ఉంటే మొదటి 48 గంటల్లోనే డాక్టర్ని కలవండి. వైరస్ మీద పనిచేసే మందులు వేరే ఉన్నాయి, అవి ఆలస్యమైతే అంతగా పనిచేయవు.

యాంటీబయాటిక్ కోర్సు అయిపోయిన మూడు నెలల్లోపు రోజుకి మూడుసార్లు, అంతకన్నా ఎక్కువ నీళ్ల విరేచనాలు, కడుపునొప్పి, జ్వరం, రక్తం కనిపిస్తే అది మామూలు లూజ్ మోషన్ కాకపోవచ్చు. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బాక్టీరియా ఖాళీ అయిన పేగుని ఆక్రమిస్తుంది. దానికి పరీక్ష ఉంది, చికిత్స ఉంది. మోషన్స్ ఆపే మాత్ర మీ అంతట మీరు వేసుకోవద్దు.

ఇక ఆ నాలుగు మాత్రలు. నాలుగు మాత్రలు ఏ జబ్బుకీ కోర్సు కాదు. జలుబుకి అక్కర్లేదు, న్యుమోనియాకి సరిపోవు, పేగులో మాత్రం పని మొదలుపెడతాయి. సింకులో, టాయిలెట్లో వేయకండి, నీళ్లలో కలిసి అక్కడి బాక్టీరియాకి తర్ఫీదు ఇస్తాయి. మందుల షాపువాళ్లు తిరిగి తీసుకుంటారేమో అడగండి. తీసుకోకపోతే స్ట్రిప్ నుంచి తీసి, వాడేసిన టీపొడి లాంటి దాంట్లో కలిపి, కవర్లో మూటకట్టి చెత్తలో వేయండి. ఖాళీ స్ట్రిప్ మాత్రం పారేయకండి. ఈ ఏడాదిలో వేసుకున్న మందుల పేర్లు, ఏ నెలలో వేసుకున్నారో గుర్తున్నంతవరకు ఒక కాగితం మీద రాసి, ఆ స్ట్రిప్ కూడా జతచేసి, ఈసారి జలుబు వచ్చినప్పుడు మీ డాక్టర్ ముందు పెట్టండి.